పెళ్ళి జరగని పెళ్ళికథ

హాస్యకథ పెళ్ళితో ముగియాలన్నది చాలా పాత కట్టుబాటు. షేక్‌స్పియర్ 'యాజ్ యూ లైక్ ఇట్' చివర ఏకంగా నాలుగు జంటలకు ముడి వేశాడు. ఆ కట్టుబాటును తప్పిన నాటకం కూడా ఆయనదే ఒకటి ఉంది. 'లవ్స్ లేబర్స్ లాస్ట్'లో అంతా సిద్ధమైన వేళ ఫ్రాన్సు రాజు మరణవార్త వస్తుంది. పెళ్ళిళ్ళు ఏడాదిపాటు వాయిదా పడతాయి, నాటకం అక్కడే ముగుస్తుంది. ప్రేక్షకుడు అక్షింతలు చేతిలో పట్టుకుని నిలబడిపోతాడు.

అలాంటి అక్షింతలే 2022లో ఎందరో పాఠకుల చేతుల్లో మిగిలిపోయాయి. ఇంగ్లండు రచయిత అలెక్సిస్ హాల్ 2020లో 'బాయ్‌ఫ్రెండ్ మెటీరియల్' అనే ప్రణయహాస్య నవల రాశారు. కథానాయకుడు లూక్ ఒక పాత రాక్ గాయకుడి కొడుకు. పేడపురుగుల సంరక్షణకు విరాళాలు పోగుచేసే సంస్థలో పని. పత్రికలు అతని పరువు తీస్తూ ఉంటాయి. దాతలు బెదిరిపోకుండా ఉండాలంటే మర్యాదస్తుడైన ఒక ప్రియుడు కావాలి. ఆలివర్ అనే న్యాయవాదితో ఉత్తుత్తి ప్రేమ మొదలై, అది నిజమవుతుంది. దానికి తరువాయి నవల 'హజ్బెండ్ మెటీరియల్' 2022లో వచ్చింది. అందులో వరుసగా స్నేహితుల పెళ్ళిళ్ళు, నడుమ ఆలివర్ తండ్రి చావు. తనను ఒకప్పుడు మోసగించిన పాత ప్రియుడు పెళ్ళి చేసుకోవడం చూసి, లూక్ తానూ ఆలివర్‌ను పెళ్ళాడమని అడుగుతాడు. ఏర్పాట్లన్నీ జరుగుతాయి. తీరా పెళ్ళిరోజునే ఇద్దరూ మాట్లాడుకుని పెళ్ళి వద్దనుకుంటారు. విడిపోవాలని కాదు, కలిసే ఉండాలని.

పాఠకులు రెండుగా చీలిపోయారు. 'భర్త' అన్న మాటను అట్టమీద అచ్చువేసి, లోపల భర్తను చూపకపోవడం మాట తప్పడమేనని ఒక పక్షం. మొదటి నవలలో మానిన గాయాలను రెండోదానిలో మళ్ళీ కెలికారని, జంట మధ్య తగవులు తీరకుండానే పక్కకు జరిగాయని కూడా వారి ఫిర్యాదు. రెండో పక్షానికి ఆ ముగింపే నవలకు ప్రాణం. ఆ ఇద్దరి స్వభావాలకు అంతకంటే నిజాయితీ గల ముగింపు లేదని వారి వాదన. నేను రెండు పక్షాల మాటలూ శ్రద్ధగా చదివాను. ఇది కేవలం అభిరుచి భేదం కాదనీ, వెనుక నూరేళ్ళ చరిత్ర ఉందనీ నాకు తోచింది. ఆ చరిత్ర కొంత చెప్పుకుందాం.

రెండో నవల నిర్మాణం ఎక్కడిదో సినిమా ప్రియులు ఇట్టే పోల్చుకుంటారు. 1994లో మైక్ న్యూవెల్ దర్శకత్వంలో, రిచర్డ్ కర్టిస్ రచనతో వచ్చిన 'ఫోర్ వెడ్డింగ్స్ అండ్ ఎ ఫ్యూనరల్'. అందులోనూ నాయికానాయకులు చివర జీవితాంతం కలిసి ఉంటామనీ, పెళ్ళి మాత్రం చేసుకోమనీ ఒప్పందం చేసుకుంటారు. ఆ ముగింపుకు మోసపోయామని గగ్గోలు పెట్టినవారిని నేను ఎరుగను. అదే పని లూక్, ఆలివర్ చేస్తే గుండె కలుక్కుమనడానికి కారణం, ఆ సినిమాలోని మరో జంటను గుర్తుచేసుకుంటే తెలుస్తుంది.

సినిమాలోని చావు గారెత్‌ది. అతని సహచరుడు మాథ్యూ శవపేటిక పక్కన నిలబడి ఆడెన్ కవిత 'ఫ్యూనరల్ బ్లూస్' చదువుతాడు. ఆ తరువాత నాయకుడు ఒక మాట గ్రహిస్తాడు: బ్రహ్మచారుల ముఠా అనుకున్న తమలో ఇద్దరు ఇన్నాళ్ళూ పెళ్ళయినవారిలాగే బతికారని. నాలుగు పెళ్ళిళ్ళ సినిమాలో అసలైన దాంపత్యం వారిదే. చట్టం దృష్టిలో మాత్రం మాథ్యూ ఏమీ కాడు, ఒక స్నేహితుడంతే. అప్పటి బ్రిటనులో 1988 నాటి 'సెక్షన్ 28' అమలులో ఉంది. స్వలింగ సంబంధాన్ని 'నటన కుటుంబం' అని పేర్కొంటూ, దాన్ని ఆమోదయోగ్యమైనదిగా బళ్ళలో బోధించే పనిని స్థానిక సంస్థలు ప్రోత్సహించరాదన్న శాసనం అది. స్కాట్లండులో 2000లో, తక్కిన బ్రిటనులో 2003లో గాని అది రద్దు కాలేదు. నాయకుడు కాదన్న పెళ్ళి అతని ముంగిట్లో ఉంది. మాథ్యూకు కాదనడానికి కూడా ఏమీ లేదు.

ఇంకా వెనక్కి వెళితే ఇ. ఎం. ఫార్‌స్టర్ కనిపిస్తాడు. ఇద్దరు పురుషుల ప్రేమకథ 'మారిస్'ను ఆయన 1913-14 నాళ్ళలో రాశాడు. సుఖాంతం తప్పనిసరి అని తనకు తాను నియమం పెట్టుకున్నాడు. ఆ సుఖాంతమే పుస్తకాన్ని బీరువాలో బంధించింది. ప్రేమికుల్లో ఒకడు ఉరిపోసుకుని ఉంటే అచ్చుకు దారి సులువయ్యేదని ఆయనే చెప్పుకున్నాడు. 1970లో ఆయన పోయాక, 1971లో గాని నవల వెలుగు చూడలేదు. ఈ ఫార్‌స్టర్‌కు మన హైదరాబాదుతో బంధం ఉంది. ఆయన ప్రేమించిన, ఆ ప్రేమను అదే రూపంలో తిరిగి ఇవ్వలేని మిత్రుడు సయ్యద్ రాస్ మసూద్ నిజాం రాజ్యంలో విద్యాశాఖ సంచాలకుడు. 1921లో ఫార్‌స్టర్ హైదరాబాదు వచ్చి మసూద్ ఇంట అతిథిగా ఉన్నాడు. 1924 నాటి 'ఎ పాసేజ్ టు ఇండియా' అంకితం ఆ మిత్రుడికే.

కాబట్టి తమవంటివారి కథ సుఖంగా ముగియాలని పట్టుబట్టే పాఠకుడు మారాం చేస్తున్నాడని నేను అనుకోను. దశాబ్దాల తరబడి ఆత్మహత్యలు, పిచ్చాసుపత్రులు, వియోగాలే ముగింపులుగా చదివినవారి పక్షాన అతడు పాత బాకీ అడుగుతున్నాడు.

అయితే రెండో పక్షానికీ అంతే ఘనమైన వంశవృక్షం ఉంది. 1971లో లండన్‌లోని గే లిబరేషన్ ఫ్రంట్ తన ప్రణాళికలో అణచివేతకు మొదటి నెలవుగా కుటుంబాన్నే చూపింది. 1989లో అమెరికాలో ఇద్దరు న్యాయవాదులు ఒకే పత్రికలో ఎదురెదురుగా వాదించుకున్నారు. పెళ్ళి హక్కు కోసం పోరాడి తీరాలన్నాడు థామస్ స్టాడర్డ్. పెళ్ళి విముక్తిమార్గం ఎప్పటినుంచి అయిందని ప్రశ్నించింది పౌలా ఎటెల్‌బ్రిక్. అందరిలాగా మారితేనే దక్కే గౌరవం గౌరవమే కాదని ఆమె సారాంశం. 'హజ్బెండ్ మెటీరియల్'లో ఆలివర్‌కు పెళ్ళిలో ఇంద్రధనుస్సు అలంకారాలు ససేమిరా నచ్చవు, లూక్‌కు అవి ఉండాలి. పైకి బుడగల మీద తగాదా. లోపల మాత్రం ఆ పాత తగవే, ఎవరిలా బతకాలన్నది.

ఈలోగా చట్టం మారింది. 2004 శాసనంతో 2005 డిసెంబరు నుంచి పౌర భాగస్వామ్యం వచ్చింది. 2013 శాసనం మేరకు 2014 మార్చి 29న ఇంగ్లండు, వేల్సులలో తొలి స్వలింగ వివాహాలు జరిగాయి. వింత ఏమిటంటే, ఆ తరువాత ఒక స్త్రీపురుష జంట తమకు పెళ్ళి వద్దు, ఆ పౌర భాగస్వామ్యమే కావాలని కోర్టుకెక్కి 2018లో గెలిచింది. 2019 డిసెంబరు 31 నుంచి అది అందరిదీ అయింది. పెళ్ళి చేసుకోవడం, చేసుకోకపోవడం రెండూ అందరికీ సమానంగా అందిన దేశంలోనే లూక్, ఆలివర్‌ల నిర్ణయం నిర్ణయం అనిపించుకుంటుంది. మాథ్యూ అదే మాట అని ఉంటే అది అందని ద్రాక్ష సామెత.

మన సంగతీ చూద్దాం. 'కన్యాశుల్కం'లో ముసలి లుబ్ధావధాన్లుకు కట్టబెట్టిన పెళ్ళికూతురు ఆడవేషం వేసిన శిష్యుడు. మనకు కడుపుబ్బ నవ్వు తెప్పించిన ఆ పీటలమీద ఇద్దరూ మగవారే. వేషంగా, ఎగతాళిగా మాత్రమే ఊహించగలిగిన దాన్ని, హైదరాబాదు నివాసులైన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ హక్కుగా కోరుతూ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2018 సెప్టెంబరు 6న సెక్షన్ 377 సంకెల విప్పిన అదే న్యాయస్థానం, 2023 అక్టోబరు 17న పెళ్ళి ప్రాథమిక హక్కు కాదని అయిదుగురు న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా చెప్పింది. పౌర సహజీవనానికి గుర్తింపు విషయంలో ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు నిలిచారు, అదీ దక్కలేదు. పునఃపరిశీలన అర్జీలను 2025 జనవరిలో తోసిపుచ్చారు. ఆసుపత్రిలో సంతకం, వారసత్వం, బీమా, ఇవన్నీ ఆ తీర్పులో ఇరుక్కున్న నిత్యజీవితపు విషయాలు. ఇక్కడ కూర్చుని ఆ నవల చదివే జంటకు, చేతికందిన పెళ్ళిని ఇద్దరు వదులుకోవడం విలాసంగా కనబడితే తప్పెలా అనగలం?

నా మట్టుకు నాకు ముగింపు సబబుగానే తోచింది. దానికి కావలసిన విత్తనాలు నవలలో ముందునుంచీ ఉన్నాయి. కాని రచయిత ఆ నిర్ణయానికి ఇచ్చిన చోటు చాలదు. స్నేహితుల పెళ్ళిళ్ళలోని గందరగోళానికి ప్రకరణాలు కేటాయించి, ఇంత పెద్ద మాటను చివరి పుటలలో ముగించారు. వద్దనుకున్న తరువాతి ఉదయం ఆ ఇద్దరూ ఎలా ఉన్నారో పాఠకుడికి చూపి ఉంటే, కోపగించినవారిలో సగం మంది మెత్తబడేవారు. అది శిల్పం లోపమే గాని ఆలోచన లోపం కాదు.

హక్కు అంటే వాడుకునే తీరాలని కాదు. అయితే వద్దనే స్వేచ్ఛ రుచి తెలియాలంటే ముందు అది విస్తట్లో పడాలి. ఆ నవలను మెచ్చినవారు ఈ వాక్యాల్లో మొదటిదాన్ని, నొచ్చుకున్నవారు రెండోదాన్ని పట్టుకున్నారు. నాకు రెండూ నిజమే.

చదివినవారు మీరు ఏ పక్షమో రాయండి. చదవనివారికి, ముందు ఆ పాత సినిమా మళ్ళీ ఒకసారి చూసి మొదలుపెట్టమని నా సలహా. ఈసారి మాథ్యూ మీద చూపు నిలపండి.