దీర్ఘకాలిక హెపటైటిస్: మానసిక ఆరోగ్యం, జీవన నాణ్యత (కడప జిల్లా)

కాలేయానికి సోకే హెపటైటిస్ బి లేదా సి వైరస్ ఆరు నెలలు దాటినా ఒంట్లోంచి పోకపోతే అది దీర్ఘకాలిక హెపటైటిస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో 2022 నాటికి 25.4 కోట్ల మందికి బి, 5 కోట్ల మందికి సి ఉన్నాయి. చాలామందికి ఏళ్ల తరబడి ఏ బాధా తెలియదు. కాబట్టి వైరస్ కంటే ముందు మనిషిని కుంగదీసేది అది ఉందన్న కబురే.

కడప జిల్లాలో ఆ కబురు బయటపడే చోట్లలో గల్ఫ్ మెడికల్, అంటే గల్ఫ్ ఉద్యోగానికి ముందు చేసే వైద్యపరీక్ష, ఒకటి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల వాళ్లకు కువైట్ కొత్త ఊరు కాదు. అక్కడికి వెళ్లాలంటే ముందు రక్తపరీక్ష తప్పదు. అప్పుచేసి ఏజెంటుకు డబ్బు కట్టాక, రిపోర్టులో ‘హెచ్‌బీఎస్‌ఏజీ రియాక్టివ్’ (ఒంట్లో బి వైరస్ ఉందనే గుర్తు) అని కనబడితే ‘అన్‌ఫిట్’. నిన్నటిదాకా మూటలు మోసిన మనిషికి ఒక్క పూటలో పని పోతుంది, అప్పు మిగులుతుంది, ఇంట్లో ఏం చెప్పాలో తోచదు. కాన్పు ముందు పరీక్షలోనో, రక్తదానం చేసినప్పుడో తెలిసినవాళ్లదీ ఇదే అయోమయం. రిపోర్టు చేతికిచ్చే చోటే కాసేపు కూర్చోబెట్టి వివరించే మనిషి ఉండి తీరాలి.

ఇంట్లో మొదట కంచం, గ్లాసు వేరు చేస్తారు. అది అక్కర్లేని శిక్ష. కలిసి తిన్నా, పక్కన పడుకున్నా, బిడ్డను ఎత్తుకున్నా బి, సి అంటవు. రక్తం, సూదులు, బ్లేళ్లు, లైంగిక సంబంధం, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు సోకడం, ఇవీ దారులు. బి వైరస్‌కు టీకా ఉంది. హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన దేశీయ టీకాతో అది సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది. భార్యకో భర్తకో టీకా వేయిస్తే, పుట్టిన 24 గంటల్లో బిడ్డకు వేయిస్తే, పెళ్లి చుట్టూ అల్లుకున్న భయం చాలావరకు పోతుంది.

దిగులంతా జనం మాటల వల్లనే కాదు. సి వైరస్ ఉన్నవాళ్లలో విడవని నీరసం, మనసు నిలవకపోవడం, కుంగుబాటు ఎక్కువ. దానికి ఇదివరకు చికిత్సగా ఇచ్చిన ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లే కొందరిని తీవ్రమైన కుంగుబాటులోకి నెట్టేవి. ఇప్పుడు సోఫోస్బువిర్, డాక్లటాస్విర్ మాత్రలు సాధారణంగా 12 వారాలు వాడితే నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. బి వైరస్‌కు మాత్రలు అవసరమైనవాళ్లు ఏళ్ల తరబడి వాడాలి. పసరు మందు మీద నమ్మకంతో వాటిని మధ్యలో మానేస్తే కాలేయం ఒక్కసారిగా దెబ్బతినవచ్చు. ఆ నమ్మకానికి కారణం ఉంది: హెపటైటిస్ ఎ, ఇ వల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకు వస్తుంది.

ఇంటివాళ్లు తప్పక గుర్తుపట్టాల్సింది మరొకటి ఉంది. కాలేయం గట్టిపడిన రోగి పగలు కునుకుతూ రాత్రంతా మేలుకుంటే, మాట తడబడితే, చాచిన చేతులు అదిరితే, అది మతిభ్రమణం కాదు. కాలేయం వడకట్టని విషపదార్థాలు మెదడుకు చేరుతున్నాయి. నిద్రమాత్ర ఇస్తే ముప్పు పెరుగుతుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద 2018 జులై 28 నుంచి ప్రభుత్వ వైద్యంలో పరీక్షలు, మందులు ఉచితం. మనోవేదనకు 14416 నంబరులో టెలి మానస్ సేవ 2022 అక్టోబరు నుంచి ఉంది. తెలుగులోనే మాట్లాడవచ్చు.