బేగంపేట నుండి శామీర్‌పేట దాకా: కాలేయంలో దాగే ఇద్దరు శత్రువులు



మన లాల్‌గడి మలక్‌పేట్ చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు చాలామంది జీనోమ్ వ్యాలీ కంపెనీలకు షిఫ్టుల్లో పోయి వస్తుంటారు. కొందరు ప్యాకింగు పని, కొందరు హౌస్‌కీపింగు, చదువుకున్నవాళ్లు ల్యాబులో. లోపల ఏం తయారవుతుందని అడిగితే, "ఏదో టీకా అయ్యగారూ" అంటారు. ఆ "ఏదో టీకా" వెనుక ఎంత చరిత్ర ఉందో ఈ వారం మీతో పంచుకోవాలని ఉంది. ఆ చరిత్ర మొదలైంది కూడా మనకు దూరంలో కాదు. రాజీవ్ రహదారి మీద సికింద్రాబాదుకు పోయి, అక్కడి నుండి బేగంపేట చేరితే చాలు.

1897లో బేగంపేటలోని సైనిక ఆస్పత్రిలో రొనాల్డ్ రాస్ అనే డాక్టరు పనిచేసేవాడు. ఆయన మన దేశంలోనే, అల్మోరాలో పుట్టాడు. చలిజ్వరం, అంటే మలేరియా, చెడుగాలి వల్ల వస్తుందని ఆ రోజుల్లో చాలామంది నమ్మేవారు. రోగి రక్తంలో ఒక పరాన్నజీవి ఉంటుందని అప్పటికే తెలిసింది కాని, అది ఒకరి నుండి ఇంకొకరికి ఎలా చేరుతుందో తెలియలేదు. రాస్‌కు దోమల మీద అనుమానం. హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెరలో పడుకోబెట్టి, దోమలతో కుట్టించుకున్నందుకు దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. ఆ దోమలను ఒక్కొక్కటిగా కోసి సూక్ష్మదర్శినిలో వెతికాడు. ఆగస్టు 20న, నాలుగు రోజుల ముందు రక్తం తాగిన ఒక దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవి కనబడింది. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి మిగిలిన దారి కూడా తేల్చాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. నేటికీ ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుతారు.

రాస్ పేరు పాఠ్యపుస్తకాల్లో ఉంది. అణాల కోసం చెయ్యి చాపిన హుస్సేన్ ఖాన్‌ను తలచుకునేవారు తక్కువ. ఆయనను జ్ఞాపకం ఉంచుకోండి, చివర్లో మళ్లీ ఆయన దగ్గరకు వస్తాం.

శత్రువు దారి తెలిసింది కదా, ఇక టీకా ఎంతలో వస్తుంది అనిపిస్తుంది. కాని నూరేళ్లు దాటినా రాలేదు. ఎందుకు? మశూచి ఒకసారి వచ్చి తగ్గితే జీవితకాలం మళ్లీ వచ్చేది కాదు. మలేరియా అలా కాదు. 1900 ప్రాంతంలో రాబర్ట్ కోచ్ అనే జర్మనీ శాస్త్రవేత్త న్యూగినీ ఊళ్లలో రక్తం పరీక్షించి ఒక సంగతి గమనించాడు. పసిపిల్లల రక్తంలో పరాన్నజీవులు నిండుగా ఉన్నాయి, పెద్దవాళ్లలో చాలా తక్కువ. అంటే శరీరం ఈ జ్వరాన్ని ఎదిరించడం నేర్చుకుంటుంది, కాని ఏళ్లకేళ్లు మళ్లీ మళ్లీ జ్వరపడితేగాని నేర్చుకోదు. నేర్చుకున్నా పూర్తిగా కాదు. ఆ లోపే ఎందరో పసివాళ్లు చనిపోతారు.

దానికి కారణం ఈ జీవి వేషాలు మార్చడమే. దోమ కుట్టినప్పుడు ఒక రూపం, లోపలికి పోయాక ఇంకో రూపం, రక్తంలో మరో రూపం. కుట్టిన గంటలోపే అది రక్తంలో నుండి మాయమైపోతుంది. ఎక్కడికి పోతుందో రాస్ తర్వాత యాభై ఏళ్ల దాకా ఎవరికీ అంతుపట్టలేదు. 1948లో షార్ట్, గార్న్‌హామ్ అనే శాస్త్రవేత్తలు దాని స్థావరం కనిపెట్టారు. అది కాలేయం. మనం కార్జం అంటామే, అదే. అక్కడ చప్పుడు లేకుండా వేలల్లో పెరిగి, ఆ తర్వాతే రక్తం మీద పడుతుంది. అప్పుడుగాని జ్వరం రాదు.

అదే కాలేయంలో కాపురం పెట్టే రెండో శత్రువు ఇంకొకటి ఉంది. అది హెపటైటిస్ బి వైరస్. మలేరియా జీవికి సుమారు 5,300 జన్యువులు ఉంటే, దీనికి ఉన్నవి నాలుగే. అయినా దీని పని తక్కువది కాదు. పెద్దవాళ్లకు సోకితే నూటికి తొంభై ఐదుగురికి పైగా శరీరమే దాన్ని తరిమేస్తుంది. అప్పుడే పుట్టిన బిడ్డకు తల్లి నుండి సోకితే మాత్రం నూటికి తొంభైమందిలో అది జీవితాంతం ఉండిపోతుంది. పసివాడి శరీరం శత్రువును ఇంటివాడే అనుకుని ఊరుకుంటుంది. ముప్పై, నలభై ఏళ్లు ఏ బాధా తెలియదు. తర్వాత కాలేయం గట్టిపడుతుంది, కొందరిలో క్యాన్సర్ అవుతుంది. తైవాన్‌లో 22,707 మంది మగవారిని ఏళ్ల తరబడి గమనించి 1981లో ప్రకటించిన ఫలితం వైద్యలోకాన్ని కుదిపింది. ఈ వైరస్ ఒంట్లో ఉన్నవారికి కాలేయ క్యాన్సర్ ముప్పు లేనివారికంటే రెండు వందల రెట్లకు పైగా ఉందని తేలింది.

ఈ వైరస్ జాడ మొదట దొరికింది 1960లలో. అమెరికా శాస్త్రవేత్త బరూక్ బ్లంబర్గ్ ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో కొత్త పదార్థాన్ని చూశాడు. తర్వాత అది హెపటైటిస్ బి వైరస్ పైతొడుగని తెలిసింది. ఈ వైరస్‌కు ఒక విచిత్రమైన అలవాటు ఉంది. అవసరానికి మించి ఖాళీ తొడుగులను రక్తంలోకి వదులుతుంది. లోపల వైరస్ ఉండదు కాబట్టి ఆ తొడుగు వల్ల జబ్బు రాదు. కాని శరీరం దాన్ని చూసి శత్రువును గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. మొదటి టీకాను రోగుల రక్తం నుండి ఆ తొడుగులను వడగట్టి చేశారు. 1986 నాటికి ఈస్టు కణాల్లో ఆ జన్యువును పెట్టి తొడుగులను పండించడం వచ్చింది. రక్తంతో పని లేకుండా పోయింది.

కాని ఆ టీకా మన దేశానికి వచ్చేసరికి ఒక్కో డోసు వందల రూపాయలు. కూలి చేసుకునే తల్లి మూడు డోసులు ఎక్కడి నుండి కొనగలదు?

ఇక్కడ మన మేడ్చల్ కథ మొదలవుతుంది. నెల్లూరు జిల్లాకు చెందిన వరప్రసాద రెడ్డి డాక్టరు కాదు, ఇంజనీరు. 1990ల మొదట్లో జెనీవాలో జరిగిన ఒక సమావేశంలో, ఇంత ఖరీదైన విద్య భారతదేశానికి ఎక్కడ అబ్బుతుందన్న చులకన ఆయన మనసులో నాటుకుంది. 1993లో తల్లి పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ మొదలుపెట్టాడు. మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనే చిన్న చోటులో పని జరిగింది. ఇక్కడి బ్యాంకులు వెనకాడితే ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావి పెట్టుబడి పెట్టి ఆదుకున్నాడు. 1997 ఆగస్టులో షాన్‌వాక్-బి విడుదలైంది. మన దేశంలో ఈ పద్ధతిలో తయారైన మొదటి టీకా అదే. వందల్లో ఉన్న డోసు ధర యాభై రూపాయలకు దిగింది. మేడ్చల్ దగ్గర అత్వెల్లి నుండి ఆ సీసాలు ఎన్నో దేశాలకు వెళ్లాయి. ఆ తర్వాత తుర్కపల్లిలోని భారత్ బయోటెక్ కూడా ఈ టీకా తయారుచేసింది. పోటీ పెరిగి ధర ఇంకా తగ్గింది. ప్రభుత్వం పిల్లల టీకాల పట్టికలో చేర్చగలిగింది. 2011-12 నాటికి దేశమంతటా ఉచితంగా అందింది.

గమనించండి, రాస్ బేగంపేటలో దోమను కోసింది 1897 ఆగస్టులో. షాన్‌వాక్-బి వచ్చింది సరిగ్గా నూరేళ్లకు, 1997 ఆగస్టులో. అప్పటికి రెండో శత్రువుకు కళ్లెం పడింది. మొదటివాడు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాడు.

ఇప్పుడు కాసేపు ఆఫ్రికాకు పోయి మళ్లీ మన ఊరికే వద్దాం. ఉగాండాలో డెనిస్ బర్కిట్ అనే సర్జన్ ఉండేవాడు, భక్తిపరుడు. పిల్లల దవడలకు వచ్చే ఒక క్యాన్సర్ గురించి 1958లో రాశాడు. ఆ జబ్బు ఎక్కడెక్కడ ఉందో పటంలో గుర్తులు పెట్టుకుంటూ పోతే, మలేరియా ఎక్కువగా ఉన్న ప్రాంతాలతో అది కలిసింది. 1964లో ఆ గడ్డల్లో ఎప్‌స్టీన్, అచాంగ్, బార్ అనేవారు ఒక కొత్త వైరస్‌ను కనుగొన్నారు. మామూలుగా శరీరం ఆ వైరస్‌ను అదుపులో ఉంచుతుంది. మాటిమాటికీ మలేరియా వచ్చి రోగనిరోధక శక్తిని చెదరగొడితే ఆ అదుపు సడలుతుంది. పరాన్నజీవి తలుపు తీస్తే వైరస్ లోపల విధ్వంసం చేసింది.

శత్రువులు ఇలా చేతులు కలిపితే, శాస్త్రవేత్తలు ఒక శత్రువు తొడుగునే ఇంకొక శత్రువు మీదకు ఆయుధంగా తిప్పారు. 1967లో రూత్ నుసెన్‌జ్వైగ్ అనే శాస్త్రవేత్త, రేడియేషన్‌తో బలహీనపరచిన మలేరియా జీవులను ఎలుకలకు ఎక్కించి, వాటికి రక్షణ వస్తుందని చూపింది. ఆ జీవి ఒంటి మీది ప్రోటీన్‌లో ఒక ముక్కను టీకాగా ఇవ్వాలని ఇతరులు ప్రయత్నించారు. ముక్క ఒక్కటే ఇస్తే శరీరం సరిగా పట్టించుకోలేదు. అప్పుడు 1980లలో ఆ ముక్కను హెపటైటిస్ బి ఖాళీ తొడుగుకు అతికించారు. దానికి ఆర్‌టీఎస్,ఎస్ అని పేరు. ఆ పేరులోని ‘ఎస్’ హెపటైటిస్ బి తొడుగుకు గుర్తు. క్యాన్సర్ తెచ్చే వైరస్ చొక్కా మలేరియా నుండి పిల్లలను కాపాడే పల్లకి అయింది.

ఏడు ఆఫ్రికా దేశాల్లో 15 వేల మందికి పైగా పిల్లల మీద పరీక్షించారు. నాలుగు డోసులు పొందిన ఐదు నుండి పదిహేడు నెలల పిల్లల్లో మలేరియా జ్వరాలు మూడో వంతుకు పైగా తగ్గాయి. అది పూర్తి రక్షణ కాదు. దోమతెర మానకూడదు. అయినా ఏటా సుమారు 6 లక్షల మందిని, వారిలో ఎక్కువగా ఆఫ్రికా పసివాళ్లను, చంపే జబ్బుకు మూడో వంతు తగ్గింపు చిన్నది కాదు. 2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని సిఫారసు చేసింది. అదే ఏడాది జనవరిలో దాని తయారీ విద్యను అందుకునే ఒప్పందం చేసుకున్నది మన తుర్కపల్లి భారత్ బయోటెక్. బేగంపేటలో బయటపడిన దారి నూట ఇరవై నాలుగేళ్లకు శామీర్‌పేట మండలానికి చేరింది.

ఈ చరిత్రకు చీకటి పక్క కూడా ఉంది, దాచకూడదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్‌కు కూడా ఇలాంటి ఖాళీ తొడుగులతోనే టీకా చేశారు. 2009లో ఖమ్మం జిల్లాలో దాదాపు 14 వేల మంది బాలికలకు ఒక అధ్యయనంలో భాగంగా దాన్ని ఇచ్చారు. వారిలో చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. తల్లిదండ్రులు చేయాల్సిన సంతకాలు ఎన్నో చోట్ల వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు చేశారు. కొందరు బాలికలు చనిపోయారు. టీకాయే కారణమని విచారణలో తేలలేదు, కాని 2010లో అధ్యయనం ఆగింది. 2013లో పార్లమెంటు కమిటీ ఆ సంతకాల తీరును గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదైతే చాలదు. బీదవాని బిడ్డ తల్లిని కూడా కూర్చోబెట్టి, అర్థమయ్యేలా చెప్పి, అడగాలి. హుస్సేన్ ఖాన్ చేతిలో అణాలు పెట్టినవారు ఆయనకు ఎంత చెప్పారో మనకు తెలియదు. నూరేళ్ల తర్వాత కూడా అలాగే ఉంటే అది మనకు సిగ్గు.

యోసేపు కథ తెలిసిన మీకు, కీడు కోసం వచ్చినది అనేకుల ప్రాణం నిలపడానికి మళ్లడం కొత్త సంగతి కాదు. అయితే యోసేపు కూడా ధాన్యం కొలిచి, కొట్లు కట్టి, ఏడేళ్లు కష్టపడ్డాడు. ఆ పని లేకుండా కరువు దాటలేదు. మన పని మరీ చిన్నది. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు హెపటైటిస్ బి టీకా పడిందా అని ఆస్పత్రిలోనే అడగండి. "పసిగుడ్డు కదా, తర్వాత చూద్దాం" అనకండి, ఆ మొదటి రోజే ముఖ్యం. గల్ఫ్ మెడికల్‌లో ఈ వైరస్ బయటపడి అన్‌ఫిట్ అయి తిరిగొచ్చిన తమ్ముళ్లను వెలివేసినట్టు చూడకండి. పక్కన కూర్చుంటే, కలిసి తింటే ఇది అంటదు. పసరు మందుల చుట్టూ తిరగనీయక ప్రభుత్వాస్పత్రికి తోడు వెళ్లండి. 2018 నుండి జాతీయ కార్యక్రమం కింద పరీక్ష, మందు ఉచితం.

రేపు తెల్లవారి షిఫ్టుకు పోయే మన పిల్లలు "ఏదో టీకా" అన్నప్పుడు, అది ఏమిటో వాళ్లకు చెప్పండి. వాళ్లు సీలు వేసే సీసా ఏ తల్లి ఒడిలోని బిడ్డ దాకా పోతుందో తెలిస్తే, ఆ పని వాళ్లకు ఇంకోలా కనబడుతుంది.

మీ ఇళ్లలోని పసివాళ్లందరికీ దేవుడు ఆయుష్షు నిచ్చును గాక. ఆమేన్.