కేప్ కాడ్ ఇసుక కింద ఆర్డీఎక్స్

ఆర్డీఎక్స్ అనగానే మనకి 1993 బొంబాయి పేలుళ్ళే గుర్తొస్తాయి. మంచినీళ్ళ సంగతిలో ఆ పేరు వినడం నాకు బోస్టన్ వచ్చాకే. ప్రాజెక్టు పని మీద వచ్చిన కొత్తలో ఓ వారాంతం కేప్ కాడ్ వెళ్ళాం. అద్దె ఇంటావిడ కుళాయి చూపిస్తూ "ఈ నీళ్ళు పరీక్ష చేసినవే, భయం లేదు" అంది. అడక్కుండానే ఎందుకలా అన్నట్టు? మా పాపకి పాలపొడి కలిపింది ఆ నీళ్ళతోనే. కాచి చల్లార్చాంలెండి, కానీ ఇది మరిగిస్తే పోయే సరుకు కాదని తర్వాత తెలిసింది.

అక్కడ క్యాంప్ ఎడ్వర్డ్స్ అని సైనిక శిక్షణా స్థలం ఉంది. దశాబ్దాలపాటు ఫిరంగులు, మోర్టార్లు పేల్చిన నేల. దాని కిందే చుట్టుపక్కల ఊళ్ళ తాగునీరు. వీళ్ళకి ఆ భూగర్భజలమే ఆధారమని 1982లోనే ప్రభుత్వం గుర్తించింది. పైనున్నదేమో మంచుయుగం వదిలిపోయిన ఇసుక, గులకరాళ్ళు.

గుండు పూర్తిగా పేలితే మందు దాదాపు అంతా కాలిపోతుంది. సగం పేలినదానితోనే చిక్కు. తునకలు చెల్లాచెదురుగా పడి, వాన వచ్చినప్పుడల్లా కాస్త కాస్త కరుగుతాయి. చాలా గుండ్లలో టీఎన్‌టీ, ఆర్డీఎక్స్ రెండూ కలిసే ఉంటాయి. నీళ్ళలో ఎక్కువ కరిగేది టీఎన్‌టీ, లీటరుకి 100 మిల్లీగ్రాముల పైమాటే. ఆర్డీఎక్స్ అందులో సుమారు సగం. మరి ముందు బావిని చేరేది టీఎన్‌టీయే అనుకుంటాం కదా? నేనూ అలాగే అనుకున్నాను. తీరా చూస్తే, మట్టిలోని సూక్ష్మజీవులు టీఎన్‌టీలోని నైట్రో భాగాల్ని అమైన్లుగా మార్చేస్తాయి. అవి కుళ్ళిన ఆకుల నల్లమట్టికి గట్టి రసాయన బంధంతో అతుక్కుపోతాయి. కొన్ని బంకమట్లు కూడా దాన్ని పట్టి ఉంచుతాయి. ఆర్డీఎక్స్‌కి ఈ చుట్టరికాలేవీ పెద్దగా లేవు. ఆక్సిజన్ ఉన్న నీళ్ళలో అంత తేలిగ్గా విరగదు కూడా. దారిలో ఎవర్నీ పలకరించకుండా నీటితోపాటే దిగిపోతుంది. కేప్ కాడ్ ఇసుకలో ఆ నీరు రోజుకి అడుగు, అడుగున్నర నడుస్తుంది.

1997లో పర్యావరణ పరిరక్షణ సంస్థ ఆ కాల్పులు ఆపించింది. తాగునీటి కోసం అమెరికాలో సైనిక శిక్షణని ఆపించడం అదే మొదలు. ఆ తర్వాత కలుషితమైన నీటిని తోడి, బొగ్గు వడపోతల్లోంచి పంపడం మొదలుపెట్టారు. తాగునీటిలో ఆర్డీఎక్స్‌కి ఆ సంస్థ సూచించిన హద్దు లీటరుకి 2 మైక్రోగ్రాములు.

మరుసటి వేసవిలో మళ్ళీ అదే ఇంటికి వెళ్ళాం. ఈసారి నేనే అడిగి ఆ ఊరి నీటి నివేదిక తీసుకున్నాను. వరండాలో కూచుని పట్టికంతా చదివాను. మా ఆవిడ "ఇంక పాలు కలపమంటారా?" అని లోపల్నించి కేకేసింది. కలపమన్నాను.