తిరిగే బొంగరాన్ని గాల్లో నిలబెట్టడం: ఆర్‌సీ హెలికాప్టర్ కథ

ఆర్‌సీ విమానాల గురించి మాట్లాడినప్పటి నుంచీ చాలామంది ఒకటే అడుగుతున్నారు. "అన్నా, విమానం సరే, హెలికాప్టర్ ఎలా మొదలుపెట్టాలి?" అని. జవాబు చెప్తాను. కానీ ముందు చరిత్ర చెప్పాలి. అది తెలియకే నేను డబ్బులు పోగొట్టుకున్నాను.

నా మొదటి హెలికాప్టర్ మొత్తం నాలుగు సెకన్లు ఎగిరింది. డాబా మీద పెట్టి థ్రాటిల్ లేపాను. లేచింది, తోక గిర్రున తిరిగింది, వెళ్ళి పిట్టగోడకి కొట్టుకుంది. బ్లేడ్లు రెండూ పోయాయి, షాఫ్ట్ వంగిపోయింది. కింద నుంచి అమ్మ "ఏంట్రా ఆ చప్పుడు?" అని అరుస్తోంది. నా అంత చేతకానివాడు ఉండడు అనుకున్నా. తర్వాత చదివితే తెలిసింది, పెద్ద పెద్దవాళ్ళు ఏళ్ళ తరబడి చేసింది కూడా ఇదే అని!

ఒక లెక్క చూడండి. అమెరికాలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే అన్నదమ్ములు 'గఫ్' అనే రేడియో విమానాన్ని 1937లోనే ఎగరేశారు. రేడియో హెలికాప్టర్ నమ్మకంగా ఎగిరింది 1970 ప్రాంతంలో. మధ్యలో ముప్పై ఏళ్ళకు పైనే. రేడియో ఉంది, ఇంజిన్ ఉంది. మరి ఏం తక్కువైంది?

విమానానికి తనంతట తాను తిన్నగా పోయే బుద్ధి ఉంటుంది. మంచి ట్రైనర్ విమానమైతే స్టిక్ వదిలేసినా కాసేపు అలా పోతూనే ఉంటుంది. హెలికాప్టర్ అలా కాదు, చీపురుకట్టని అరచేతిలో నిలబెట్టడం లాంటిది. చెయ్యి ఆపితే పడిపోతుంది. పైగా ఆ రోటర్ ఒక పెద్ద బొంగరం. తిరుగుతున్న బొంగరాన్ని ఒకవైపు తోసి చూడండి, అది అటు ఒరగదు, దాదాపు 90 డిగ్రీలు పక్కకి ఒరుగుతుంది. అంటే హెలికాప్టర్ ముందుకి వంగాలంటే తోపు పక్క నుంచి రావాలి! ఇది చాలదన్నట్టు, రోటర్ ఒకవైపు తిరిగితే బాడీ రెండోవైపు తిరుగుతుంది. దాన్ని ఆపడానికే తోక మీద చిన్న రోటర్. నా డాబా మీద జరిగింది అదే, తోకని పట్టుకునే టైమ్ నాకు దొరకలేదు. బొమ్మ ఎంత చిన్నదైతే అంత వేగంగా తిరగబడుతుంది. మన బొటనవేలికి అంత స్పీడ్ లేదు.

ఇక్కడ ఆర్థర్ యంగ్ అనే ఆయన గురించి చెప్పాలి. నాకు ఈ కథలో ఇష్టమైన మనిషి. పెన్సిల్వేనియాలో పావోలీ అనే ఊరు. అక్కడ ఒక పాత ధాన్యపు కొట్టంలో కూర్చుని చిన్న చిన్న హెలికాప్టర్ బొమ్మలు చేసేవాడు. ఎలక్ట్రిక్ మోటార్, వైరుతో కంట్రోల్. ఎగరేయడం, పగలగొట్టడం, మళ్ళీ అతకడం. ఇలా ఏళ్ళ తరబడి! చివరికి ఆయనకి దొరికింది ఒక కడ్డీ. రోటర్‌తో పాటే తిరుగుతూ, రెండు చివర్లా బరువులున్న కడ్డీ. బాడీ ఊగినా ఆ కడ్డీ తన తిరుగుడు తలాన్ని వదలదు, బ్లేడ్లని సరిచేస్తుంది. బొంగరం తెచ్చిన తలనొప్పికి బొంగరమే మందు అన్నమాట. 1941లో ఆ బొమ్మని బఫెలో తీసుకెళ్ళి బెల్ కంపెనీ వాళ్ళ ముందు ఎగరేశాడు. అందులోంచి పుట్టిందే బెల్ 47. 1946 మార్చి 8న అమెరికాలో పౌర అవసరాలకి సర్టిఫికెట్ పొందిన మొదటి హెలికాప్టర్ అదే.

అంటే అసలు హెలికాప్టర్‌ని చూసి బొమ్మ చేయలేదు, బొమ్మని చూసి అసలుది చేశారు. మోడల్ హెలికాప్టర్ల చరిత్ర చెప్పేవాళ్ళు ఈయన్ని దాటేస్తారు, రేడియో లేదు కాబట్టి. నాకది అన్యాయం అనిపిస్తుంది.

అదే కాలంలో కాలిఫోర్నియాలో స్టాన్లీ హిల్లర్ అనే కుర్రాడు 19 ఏళ్ళకే సొంత హెలికాప్టర్ ఎగరేశాడు. తర్వాత ఆయన కంపెనీ హెలికాప్టర్లలో కడ్డీ చివర బరువుల బదులు చిన్న రెక్కలు వచ్చాయి. పైలట్ ఆ చిన్న రెక్కల్ని కదిపితే అవి పెద్ద రోటర్‌ని వంచుతాయి. తక్కువ బలం చాలు. చిన్న సర్వోలకి ఇంతకంటే ఏం కావాలి?

ఇప్పుడు జర్మనీ. డీటర్ ష్లూటర్ అనే ఇంజినీర్ ఈ రెక్కల కడ్డీని రేడియో మోడల్‌లో పెట్టాడు. 1970 జూన్ 20న ఆయన హ్యూయీ కోబ్రా మోడల్ 27 నిమిషాల 51 సెకన్లు గాల్లో ఉంది, 11.5 కిలోమీటర్లు తిన్నగా వెళ్ళింది. ప్రపంచ రికార్డు. తర్వాత దాన్నే కిట్‌గా అమ్మితే హాబీ మొదలైంది. ఆ రోజుల్లో తోకకి గైరో లేదు, పూర్తిగా వేళ్ళతోనే పట్టుకోవాలి. ఇది తలుచుకుంటే నా నాలుగు సెకన్లు మరీ అంత సిగ్గుపడాల్సినవి కావులే అనిపిస్తుంది.

మిగతాది త్వరగా చెప్పేస్తా. తోకకి గైరో వచ్చింది, ఆ తర్వాత తోకని పెట్టిన దిక్కులోనే పట్టి ఉంచే గైరో వచ్చింది. జపాన్‌లో యమహా 1987లో ఆర్-50 అనే రేడియో హెలికాప్టర్ చేసింది, 20 కిలోల మందు మోసుకెళ్ళి వరి పొలాల్లో కొట్టడానికి. ఇప్పుడు మన వరి, మిర్చి చేలల్లో మందు కొడుతున్న డ్రోన్లకి అది పెద్దన్న లాంటిది. లిథియం బ్యాటరీలు, బ్రష్‌లెస్ మోటార్లు వచ్చాక నూనె వాసన పోయింది. 2000 దశకం చివరికి ఎలక్ట్రానిక్ సెన్సార్లు యంగ్ కడ్డీ పనిని తీసేసుకున్నాయి. ఇవాళ కొనే హెలికాప్టర్ మీద ఆ కడ్డీ కనిపించదు. కానీ లోపల ఉన్న చిప్ చేసేది ఆ కడ్డీ పనే.

సరే, ఎలా మొదలుపెట్టాలి? నాలా డాబా మీద మాత్రం కాదు. ముందు సిమ్యులేటర్. అసలు రిమోట్‌ని కంప్యూటర్‌కి తగిలించి, అందులో కడుపునిండా కూల్చండి, ఖర్చు లేదు. తర్వాత అరచేతిలో పట్టేంత చిన్నది కొనండి. పెద్ద సైజుకి తొందరపడొద్దు. ఇది భయపెట్టడానికి చెప్పట్లేదు. 2013లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో, బాగా అనుభవం ఉన్న 19 ఏళ్ళ కుర్రాడు పార్కులో తన హెలికాప్టర్ బ్లేడే తగిలి చనిపోయాడు. పెద్ద మోడల్ బ్లేడ్లు నిమిషానికి రెండు వేల సార్లు తిరుగుతాయి. దూరం, ఖాళీ మైదానం, చుట్టూ పిల్లలు లేకపోవడం, ఈ మూడింట్లో ఒకటి తగ్గినా ఆ రోజు ఎగరేయకండి. డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ చోటు గ్రీన్ జోన్‌లో ఉందో లేదో కూడా చూసుకోండి.

మొదట తోక మీ వైపు పెట్టి గాల్లో ఒకేచోట నిలపడం నేర్చుకోండి. అది వచ్చాక పక్కకి తిప్పండి. ముక్కు మీ వైపు తిప్పడం అన్నిటికంటే చివర, ఎందుకంటే అప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. నాకైతే ఇన్నేళ్ళ తర్వాత కూడా, అలా పది సెకన్లు దాటితే అరచేతులకి చెమటలు పడతాయి.