ఇంజనీరింగు విద్యయందు సన్మానములు – సహాయబోధకుల స్థానము

మన సంఘము ప్రతి వార్షిక మహాసభయందును ఇంజనీరింగు పరీక్షలలో మొదటి తరగతిని ఉత్తీర్ణులైన మన బాలబాలికలకు పతకములును, నగదు బహుమతులును ఒసగుచుండుట సభ్యమహాశయుల కెల్లరకు విదితమే. అట్టి సన్మానముల పూర్వచరిత్రమును గూర్చి యొక వ్యాసము వ్రాయుడని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. మేము సంస్కృతము చెప్పి పొట్ట పోసికొన్న బడిపంతులము. యంత్రవిద్య మాకు రాదు. అయినను ఎన్నిక సంఘమున కొన్ని యేండ్లు కూర్చుండి విద్యార్థుల దరఖాస్తులు చదివిన వారమగుటచే మాకొక సందియము చిరకాలముగా మిగిలియున్నది. మార్కులు తెచ్చుకొన్న వానికి పతకమున్నది. ప్రయోగశాలలో వాని ప్రక్క నిలిచి, తప్పు దిద్ది, తీగ యెచ్చట కలుపవలెనో చూపిన సహాయబోధకునికి ఏమున్నది? ఈ ప్రశ్నను వెంటబెట్టుకొనియే చరిత్రమును తిరుగవేసితిమి.

పరీక్షలో నెగ్గిన వానిని గౌరవించుట మన దేశమునకు క్రొత్త కాదు. వేయి యేండ్లకు పూర్వమున్న రాజశేఖరుడు తన కావ్యమీమాంసలో, మహానగరములందు రాజు బ్రహ్మసభలను ఏర్పఱచి కావ్యశాస్త్రములను పరీక్షింపజేయవలెననియు, ఉత్తీర్ణులను బ్రహ్మరథముపై నూరేగించి పట్టము గట్టవలెననియు చెప్పినాడు. ఉజ్జయినిలో కవులకును, పాటలీపుత్రమున శాస్త్రకారులకును పరీక్షలు జరిగెననియు, పాణిని పింగళాదులు అచ్చటనే ఖ్యాతి గాంచిరనియు ఆతడు వ్రాసెను. నేటి స్నాతకోత్సవమునకు ఇది తాతవంటిది. రథమెక్కిన వాని పేరున్నది గాని, వానికి రాత్రులు వల్లె వేయించిన వాని ప్రస్తావన ఆ గ్రంథమున లేదు.

ఆ రెండవవాని జాడ కొఱకు బౌద్ధుల జాతకకథలను చూడవలసియున్నది. మహాధర్మపాల జాతకమున తక్షశిలాచార్యుని కడ ఐదువందల మంది శిష్యులుందురు. వారిలో జ్యేష్ఠాంతేవాసి ధర్మపాలుడు. ఆచార్యుడు పొరుగూరు పోవలసి వచ్చినపుడు, తాను మరలి వచ్చువఱకు ఈ మాణవకులకు విద్య చెప్పుచుండుమని వానికే అప్పగించి పోవును. నేటి విశ్వవిద్యాలయములలో టీచింగ్ అసిస్టెంటు అనబడువాడు ఇతడే గదా! కథ ధర్మపాలుని వంశధర్మమును మెచ్చుకొనుటకై పుట్టినది. అన్ని దినములు ఐదువందల మందికి ఆతడు పాఠమెట్లు చెప్పెనో, వచ్చిన పిమ్మట గురువు దానిని గూర్చి యొక మాటయైన అనెనో లేదో, కథకునికి అక్కఱ లేకపోయెను.

ఇక ఇంజనీరింగు విద్యకు వత్తము. మన దక్షిణదేశమున ఈ విద్యకు నాంది 1794వ సంవత్సరము. కుంపిణీవారి ఖగోళశాస్త్రజ్ఞుడైన మైకేల్ టాపింగ్ మదరాసున ఎనిమిదిమంది బాలురతో సర్వే పాఠశాల నొకదానిని నెలకొల్పెను. అదియే కాలక్రమమున 1859లో ఇంజనీరింగు కాలేజీయై, 1920లో గిండీకి చేరినది. టాపింగ్ మనవారికి పరాయివాడు కాడు. కృష్ణా గోదావరీ ప్రాంతములను సర్వే చేసినవాడు; 1796లో మచిలీపట్టణముననే ప్రాణము విడిచినవాడు. ఆ తొలి శిష్యులు ఎగ్మూరులోని అనాథబాలుర శరణాలయము నుండి వచ్చిరి. వారు తెల్లసిపాయిల బిడ్డలు. పెక్కండ్ర తల్లులు ఈ దేశపు స్త్రీలు.

ఇచ్చట చరిత్రములో నొక చిత్రమైన కూడలి కలదు. ఆ శరణాలయమునకే 1789 మొదలు 1796 వఱకు పర్యవేక్షకుడుగా నుండినవాడు ఆండ్రూ బెల్. ఆతడొకనాడు మన వీధిబడిలో పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దుట చూచి, తన బడిలోను అట్లే చేయింపబోగా అచ్చటి ఉపాధ్యాయులు ససేమిరా అనిరి. అంతట జాన్ ఫ్రిస్కెన్ అను ఎనిమిదేండ్ల బాలుని పిలిచి, చిన్న తరగతికి నీవే నేర్పుమనెను. వాడు నేర్పెను. ఆ పిమ్మట బెల్ క్రమముగా బడినంతటిని పెద్ద బాలురు చిన్న బాలురకు చెప్పు పద్ధతికి మార్చి, ఆ వృత్తాంతమును 1797లో లండనున అచ్చు వేయించెను. మదరాసు పద్ధతియను పేరున అది ఐరోపాయంతట వ్యాపించినది. బెల్ 1832లో మరణింపగా వెస్ట్‌మినిస్టరు దేవాలయమున సమాధి చేసిరి. ఆతని ధనముతో స్కాట్లండునందలి సెంట్ ఆండ్రూస్ నగరమున మదరాసు కాలేజీ వెలసినది. పెద్దవాడు చిన్నవానికి ఓనమాలు దిద్దించుట మన వీధిబడులలో అనాదిసిద్ధము. మేమును అట్లు దిద్దించుకొన్నవారమే. ఫ్రిస్కెన్ పేరు బెల్ వ్రాతలో నుండుటచే మిగిలినది. అది యొక్కటియే వానికి దక్కిన బహుమానమని మా యభిప్రాయము. తక్కిన బాలబోధకుల పేర్లెవ్వరికి కావలెను?

బంగారు పతకముల యుగము దీనికి పిమ్మటిది. బొంబాయి నుండి భోర్‌ఘాటు మీదుగా రైలుదారి వేయించిన ప్రధాన ఇంజనీరు జేమ్స్ బర్క్‌లీ 1862లో మరణించెను. ఆతని పేరిట బొంబాయి విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు విద్యార్థులకొక బహుమతి యేర్పడినది. 1883లో పూనా సైన్సు కాలేజీ విద్యార్థియై ప్రథమస్థానమున ఉత్తీర్ణుడై ఆ బహుమతిని గెలిచినవాడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. ఇంటిపేరు చెప్పుచున్నట్లు వారి పూర్వులది గిద్దలూరు ప్రాంతమునందలి మోక్షగుండము. 1908 నాటి మూసీనది వఱద పిమ్మట హైదరాబాదును కాపాడు ఉపాయము చెప్పినవారును వారే. 1955లో భారతరత్నమైరి. వారి జన్మదినమగు సెప్టెంబరు 15వ తేదీ ఇంజనీర్ల దినమైనది. ఇవన్నియు అందఱెఱిగినవే. తండ్రిలేని ఆ బాలుడు బెంగుళూరులో బి.ఏ. చదువు దినములలో ఒక కొడగు కుటుంబమువారి పిల్లలకు పాఠములు చెప్పి, ఆ యింట ఆశ్రయము పొంది చదువుకొనెనన్న సంగతిని మాత్రము సన్మానసభలలో తఱచు వినము. బర్క్‌లీ బహుమతి గెలిచిన చేయి అంతకుముందే పరుల బిడ్డలచేత పలక దిద్దించిన చేయి.

సన్మానమనగా పతకమే కానక్కఱలేదు. గిండీ కాలేజీలో విద్యుదింజనీరింగు ఆచార్యులు పప్పు సుబ్బారావుగారు; తెలుగువారు. వారి కుమార్తె లలితగారు 1919లో జన్మించి, 1937లో భర్తను కోల్పోయి, చంటిబిడ్డతో పుట్టినిల్లు చేరిరి. ఆ కాలమున అట్టి స్త్రీకి మన యిండ్లలో ఏ మూల చూపించుచుండిరో చెప్పుకొనుటకు సిగ్గగును. తండ్రిగారామెను తమ కాలేజీలోనే చేర్పించిరి. థ్రేసియాగారు, లీలమ్మగారు అను మఱి యిద్దఱు స్త్రీలు సివిలు శాఖలో చేరిరి. 1943లో మువ్వురును పట్టభద్రులైరి. పట్టాలు పురుషుల కొఱకే అచ్చు వేయబడియుండెను. అందలి ‘అతడు’ అను ఇంగ్లీషు మాటను కలముతో కొట్టివైచి ‘ఆమె’ అని దిద్ది యిచ్చిరి. ఆ కలపు గీత కంటె గొప్ప పతకము గిండీవారు ఆనాడెవ్వరికిని ఇచ్చియుండరు. పిమ్మట లలితగారు కొంతకాలము తండ్రిగారి పరిశోధనలకు సహాయము చేసి, 1948లో కలకత్తాలో ఉద్యోగమునకు పోయి, భాక్రా నంగల్ విద్యుత్తు తీగెల రూపకల్పనలో పాలుగొనిరి. 1964లో న్యూయార్కున జరిగిన మహిళా ఇంజనీర్ల ప్రథమ అంతర్జాతీయ సభకును వెళ్లిరి.

స్వాతంత్ర్యానంతరము 1951లో ఖరగ్‌పూరున ఐ.ఐ.టి. వెలసిన పిమ్మట పతకములకు కొదువ లేదు. రాష్ట్రపతి పేరిట బంగారు పతకమున్నది. ఉపాధ్యాయులకును అఖిల భారత సాంకేతిక విద్యామండలివారు విశ్వేశ్వరయ్యగారి పేరిట ఉత్తమోపాధ్యాయ పురస్కారములను నెలకొల్పిరి. సహాయబోధకుని స్థితి వేఱు. ఐ.ఐ.టి.లలో ఎం.టెక్. చదువువాడు నెలనెలా అందు భృతికి బదులుగా వారమునకు ఎనిమిది గంటలు పని చేయవలెను. ట్యుటోరియలు తరగతులు, ప్రయోగశాల, జవాబుపత్రములు దిద్దుట, ఇవి వాని విధులు. లెక్క రాని పిల్లవాడు ఆచార్యుని గది తలుపు తట్టుటకు జంకును. వీని కడకు జంకక వచ్చును. ఎనిమిది గంటలనునది కాగితముపై మాట. ఇటీవల కొన్ని విద్యాలయములు విద్యార్థుల అభిప్రాయములను సేకరించి ఉత్తమ సహాయబోధకునికి ప్రశంసాపత్రము నిచ్చుచున్నవి. సంతోషమే. ఆ వాడుక ఇంకను మన జిల్లాల కాలేజీల వఱకు రాలేదు.

మా అనుభవమొకటి చెప్పవలసియున్నది. కొన్ని యేండ్ల క్రిందట మా పూర్వశిష్యుడొకడు ఒక కాలేజీలో విద్యుత్తు ప్రయోగశాలయందు సహాయకుడుగా నుండెను. సాయంకాలము అందఱు వెడలిన పిమ్మట బీదపిల్లలకు మరల యంత్రములు నడిపి చూపువాడు. ఆ సంవత్సరము మన సంఘపు పతకము గెలిచిన బాలుడు వాని చేతిక్రింద నేర్చినవాడే. ఆ సభనాడు మా శిష్యుడు వేదిక క్రింద కుర్చీలు సర్దుచుండెను. పతకము పుచ్చుకొన్న బాలుడు దిగివచ్చి వానికి నమస్కరించుట మేము వేదికపై నుండి చూచితిమి. ఆ మరుసటియేట వాడు మన బహుమతికి దరఖాస్తు పెట్టగా, మార్కుల పట్టిక జతపఱుపలేదను హేతువుచే త్రోసివేసితిమి. త్రోసివేసిన ఆ కాగితముపై సంతకము మాది. దరఖాస్తులో వాని పనిని వ్రాయుటకు గడియే లేదు. గడి లేనిచోట మాకు మనిషియు కనబడలేదు. నాలుగు నెలలకు వాడు కొలువు మానుకొని అత్తవారి యూరికి పోయి మోటారు మరమ్మతు దుకాణము పెట్టుకొనెను.

కావున ఈ యేడు ఎన్నిక సంఘమున మేమొక ప్రతిపాదన చేసితిమి. విద్యార్థి దరఖాస్తులోనే ‘నీకు ప్రయోగశాలలోగాని తరగతి వెలుపలగాని నేర్పినవారెవరు?’ అను ప్రశ్న చేర్పించితిమి. ఆ పేర్లవారిలో నొకరికి ఈ మహాసభయందే శాలువయు, వెయ్యినూటపదాఱ్లును ఇచ్చుటకు దాతలు సమ్మతింపవలెనని ప్రార్థించుచున్నాము. అందుకు మన కులమువాడు కావలెనను నియమము పెట్టవలదని కూడ మనవి చేసితిమి, నేర్పునపుడు వారట్టి నియమము పెట్టుకొనలేదు గనుక. దీనిపై పెద్దలలో కొంత తర్జనభర్జన నడచుచున్నది, మహాసభ నిర్ణయింపవలసియున్నది.

దరఖాస్తులు వచ్చినవి. పెక్కండ్రు ఒక్కొక్క పేరు వ్రాసిరి. ఒక బాలిక మాత్రము గడి చాలలేదని చెప్పి, వేఱొక కాగితము అడిగి పుచ్చుకొని పోయినది.