ఎజైల్ సాఫ్ట్‌వేర్ పద్ధతులపై పరిశోధన: ఒక చరిత్ర

సాఫ్ట్‌వేర్‌ను కొద్దికొద్దిగా తయారుచేస్తూ, ఎప్పటికప్పుడు సరిచూసుకునే ఎజైల్ పద్ధతులను టీములు నిజంగా ఎలా ఆచరిస్తున్నాయో, వాటివల్ల పనిలో ఏం మారుతోందో శాస్త్రీయంగా పరిశీలించే రంగమే ఎజైల్ పరిశోధన. సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్‌లో ఇది ప్రత్యేక శాఖగా 2000 తర్వాత స్థిరపడింది. సిద్ధాంతం విశ్వవిద్యాలయంలో పుట్టి పరిశ్రమకు చేరడం చాలా శాస్త్రాల్లో కనిపించే వరస. ఇక్కడ అది తలకిందులైంది. పద్ధతులను రూపొందించిందీ, పేర్లు పెట్టిందీ, ప్రచారం చేసిందీ ప్రధానంగా వృత్తిలో ఉన్న ప్రోగ్రామర్లూ సలహాదారులే. ఆచార్యులు ఆ తర్వాత వచ్చి, చెప్పినదాంట్లో నిజమెంతో తేల్చే పని తలకెత్తుకున్నారు. ఎజైల్ మంచిదా కాదా అని మొత్తంగా అడిగినప్పుడు ఈ రంగానికి బలహీనమైన జవాబులే దొరికాయి. ఏ పద్ధతి, ఎవరి చేతిలో, ఎలాంటి పనికి అని విడమరచి అడిగినప్పుడే గట్టి జవాబులు వచ్చాయి. ఈ శాఖ చరిత్రంతా మొదటి ప్రశ్న నుంచి రెండో ప్రశ్నకు జరిగిన ప్రయాణమే.

ఎజైల్ మూలాల గురించి రెండు కథలు ఉన్నాయి. ప్రచారంలో ఉన్న కథ ప్రకారం జపాన్ పండితులు టకేయుచి, నొనాకా 1986లో కొత్త ఉత్పత్తుల తయారీపై రాసిన వ్యాసం స్క్రమ్ అనే ఎజైల్ పద్ధతికి ప్రేరణ అయింది. జెఫ్ సదర్లాండ్, కెన్ ష్వేబర్ 1995లో స్క్రమ్‌ను ఒక సదస్సులో పరిచయం చేశారు. అమెరికాలో క్రైస్లర్ కార్ల కంపెనీ జీతాల లెక్కల ప్రాజెక్టులో కెంట్ బెక్ ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే మరో ఎజైల్ పద్ధతికి రూపమిచ్చి, 1999లో పుస్తకంగా తెచ్చాడు. 2001 ఫిబ్రవరిలో యూటాలోని స్నోబర్డ్‌లో 17 మంది కలిసి ఎజైల్ ప్రకటన వెలువరించారు. రెండో కథను 2003లో క్రేగ్ లార్మన్, విక్టర్ బాసిలీ ముందుకు తెచ్చారు. కొద్దికొద్దిగా కట్టుకుంటూ, ఎప్పటికప్పుడు సరిచూసుకుంటూ పోయే పద్ధతి 1960ల తొలినాళ్లలో నాసా మెర్క్యురీ ప్రాజెక్టులోనే, అదీ పూటకో విడత చొప్పున, సాగిందని వారు చూపించారు. అంటే ఎజైల్ కొత్తదనం పద్ధతిలో కంటే దాన్ని ఒక ఉద్యమంగా మలచడంలోనే ఎక్కువ. క్రైస్లర్ ప్రాజెక్టు 2000లో ఆగిపోయినా ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ ఖ్యాతి పెరుగుతూనే పోయింది. ఒక పద్ధతికి వచ్చిన పేరూ, దానికున్న రుజువూ వేర్వేరు సంగతులని గుర్తించడానికి పరిశోధకులకు ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కర్లేదు.

తొలి పరిశోధకులు ప్రయోగాలనే నమ్ముకున్నారు. ఇద్దరు ప్రోగ్రామర్లు ఒకే కంప్యూటర్ ముందు కూర్చుని, ఒకరు కోడ్ రాస్తుంటే మరొకరు అక్కడికక్కడే తప్పులు పట్టే పెయిర్ ప్రోగ్రామింగ్ ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్‌లో ఒక భాగం; అది వారికి అనువుగా దొరికింది. యూటా విశ్వవిద్యాలయంలో లారీ విలియమ్స్ విద్యార్థులపై చేసిన ప్రయోగాల ఫలితాలు 2000లో వెలువడ్డాయి. జంటలకు సుమారు 15 శాతం ఎక్కువ శ్రమ పట్టినా, వారి ప్రోగ్రాములు ఎక్కువ పరీక్షల్లో నెగ్గాయి. విద్యార్థుల సంగతి సరే, ఉద్యోగుల మాటేమిటన్న ప్రశ్న వెంటనే లేచింది. నార్వేకు చెందిన ఎరిక్ ఆరిషోల్మ్ బృందం నార్వే, స్వీడన్, బ్రిటన్‌లలో 295 మంది వృత్తి ప్రోగ్రామర్లతో చేసిన ప్రయోగం 2007లో అచ్చయింది. మొత్తమ్మీద చూస్తే జంటగా పనిచేయడం వల్ల సమయం కలిసిరాలేదు, సరైన జవాబులూ పెరగలేదు, శ్రమ మాత్రం 84 శాతం పెరిగింది. అయితే చిక్కుముడి లాంటి ప్రోగ్రాముల్లో జంటలకు సరైన జవాబులు 48 శాతం ఎక్కువగా వచ్చాయి. అందులోనూ ఎక్కువగా లాభపడింది జూనియర్ ప్రోగ్రామర్లే. పరీక్షను ముందు రాసి ఆ తర్వాతే కోడ్ రాసే పద్ధతిపై మైక్రోసాఫ్ట్, ఐబీఎంలలో నాలుగు టీములను పరిశీలించి 2008లో ప్రకటించిన అధ్యయనంలో, విడుదలకు ముందు బయటపడే లోపాలు 40 నుంచి 90 శాతం దాకా తగ్గాయి, పనికి మాత్రం 15 నుంచి 35 శాతం అదనపు సమయం పట్టిందని మేనేజర్లు అంచనా కట్టారు. ఇలాంటి ఫలితాన్ని చేతిలో పెట్టుకుని ఏ మేనేజరైనా తన ప్రాజెక్టుకు లాభనష్టాలు బేరీజు వేసుకోగలడు.

రెండో దారి క్షేత్ర పరిశీలన. బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీకి చెందిన హెలెన్ షార్ప్, హ్యూ రాబిన్సన్ ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ టీముల మధ్య కూర్చుని, మానవశాస్త్రవేత్తలు ఒక సమాజాన్ని చూసే తీరులో వారి దినచర్యను గమనించారు. గోడకు అంటించిన చిన్న కార్డులు ఆ పరిశీలనలో ప్రధానాంశమయ్యాయి. ఒక్కో కార్డు మీద ఒక్కో పని రాసి ఉంటుంది. పని సాగేకొద్దీ దాన్ని చేత్తో పక్కకు జరుపుతారు. గది గుమ్మంలో నిలబడ్డవాడికి కూడా ఏది నడుస్తోందో, ఏది ఆగిందో ఇట్టే తెలిసిపోతుంది. నార్వేలో నిల్స్ బ్రెడే మో, టోర్గెయిర్ డింగ్సోయిర్, టోరె డ్యూబో ఒక స్క్రమ్ టీమును తొమ్మిది నెలలు గమనించి 2010లో ఫలితాలు ప్రకటించారు. ఎవరి నైపుణ్యం వారిది, ఎవరి పని వారిది అన్నట్టు విడిపోయి ఉన్నచోట టీము తనను తాను నడుపుకోవడం కష్టమని వారు తేల్చారు. న్యూజిలాండ్‌లో రషీనా హోడా బృందం పరిశోధన భారతదేశానికీ విస్తరించింది. రెండు దేశాల్లోని 23 సంస్థలకు చెందిన 58 మంది నుంచి సేకరించిన వివరాలతో 2013లో వెలువడిన వ్యాసం, టీముల్లో ఎవరూ నియమించకుండానే పుట్టుకొచ్చే ఆరు పాత్రలను గుర్తించింది. కస్టమర్ మాటను ప్రోగ్రామర్లకు అర్థమయ్యేలా చెప్పే దుబాసీ వాటిలో ఒకటి. టీముకు ఇమడని సభ్యుణ్ని గుర్తించి, పై అధికారులతో మాట్లాడి తప్పించే పాత్ర మరొకటి. స్క్రమ్ అధికారికంగా నిర్దేశించే పాత్రల్లో ఇవి లేవు.

ఈ రంగంపై వచ్చే విమర్శల్లో మొదటిది రుజువుల బలం గురించి. డ్యూబో, డింగ్సోయిర్ 2008 సమీక్షలో 1,996 రచనలను జల్లెడ పడితే అనుభవ పరిశోధన అనదగ్గవి 36 మాత్రమే మిగిలాయి. వాటిలోనూ ఎక్కువ భాగం ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ గురించినవే. విమర్శ న్యాయమైనదే. కానీ ఆ లోటును లెక్కగట్టి బయటపెట్టింది ఈ రంగం పరిశోధకులే. రెండో విమర్శ, ఒక కంపెనీలో చూసింది ఇంకో కంపెనీకి ఎలా వర్తిస్తుందని. యథాతథంగా వర్తించదు. అయితే క్షేత్ర పరిశీలన ఇచ్చేది సగటు కాదు, కారణం. నైపుణ్యాల గోడలు టీమును ఎలా అడ్డుకుంటాయో ఒకచోట తెలిస్తే, మరోచోట ఏం వెతకాలో తెలుస్తుంది. వ్యాసం అచ్చయ్యేలోపు పరిశ్రమ ముందుకు పోతుందన్నది మూడోది. పేర్లు మారేమాట నిజమే, చిక్కులు మాత్రం అంత త్వరగా మారవు. అందుకే పద్ధతి పేరును దాటి, అందులో నిజంగా పనిచేసేదేమిటో వెతికే పరిశోధన పాతబడదు. దావీదే ఫుచీ, సహచరులు 2017లో ప్రచురించిన పరిశీలన ఇందుకు ఉదాహరణ. పరీక్ష ముందా కోడ్ ముందా అన్న వరసకంటే, చిన్న చిన్న అడుగులతో నిలకడగా సాగడమే ఫలితాన్నిస్తోందని అది చూపింది.

ఇరవై ఏళ్లకు పైబడిన ఈ పరిశోధన ఎజైల్‌ను గెలిపించనూ లేదు, ఓడించనూ లేదు. ఒక పెద్ద పేరు కింద కలగలిసిపోయిన పద్ధతులను విడదీసి, ఒక్కోదానికి ఎంత ఖర్చో, ఎవరికి లాభమో చెప్పింది. స్ప్రింట్ (చిన్న పని విడత), స్టాండప్ (రోజువారీ చిన్న సమావేశం) అన్న మాటలు రోజూ వినిపించే హైదరాబాద్ ఐటీ కార్యాలయాలకైనా, నార్వే కంపెనీలకైనా ఈ చరిత్ర ఇచ్చే తీర్పు ఒకటే: టీము ఎజైల్ అని చెప్పుకోవడం రుజువు కాదు, అక్కడ పని ఎలా జరుగుతోందో చూసినదే రుజువు.