టెస్టోస్టిరాన్ చికిత్స చరిత్ర: ఒకే మోతాదు అందరికీ ఎందుకు సరిపోదు?

కోడెకు విత్తులు కొడితే దాని పొగరు ఎలా తగ్గిపోతుందో పల్లెల్లో పెరిగిన మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. వృషణాలకూ దేహ లక్షణాలకూ సంబంధం ఉందన్న జ్ఞానం పాతదే. ఆ సంబంధాన్ని కొలవడమే కష్టమైంది. ఎంత మందు, ఎవరికి, ఎంత ఫలితాన్నిస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతికిన చరిత్రను ఈ పాఠంలో తెలుసుకుందాం.

1849లో జర్మనీలోని గాటింగెన్‌లో ఆర్నాల్డ్ బెర్తోల్డ్ కోడిపుంజులపై ప్రయోగం చేశాడు. వృషణాలు తీసేసిన పుంజులకు తలమీది తురాయి ఎదగలేదు, కూత రాలేదు. వృషణాన్ని పొట్టలో తిరిగి నాటిన పుంజులు మామూలుగానే ఎదిగాయి. పాత నరాల సంబంధం తెగిపోయినా ఫలితం కనిపించింది కనుక, ప్రభావం రక్తం ద్వారా అందుతోందని ఆయన గ్రహించాడు.

1889లో ప్యారిస్‌లో 72 ఏళ్ల బ్రౌన్ సెకార్డ్ జంతువుల వృషణాల రసాన్ని తన ఒంటికే ఎక్కించుకుని, సత్తువ తిరిగి వచ్చిందని ప్రకటించాడు. నిజానికి వృషణాల్లో ఈ హార్మోన్ నిల్వ ఉండేది చాలా తక్కువ. అది నీటిలో సరిగా కరగదు కూడా. ఆయనకు కలిగిన బలం నమ్మకం వల్ల కలిగిందేనని నేటి శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఒక వ్యక్తి అనుభవం, ఎంత నిజాయితీగా చెప్పినా, మందుకు రుజువు కాదని గమనించండి.

1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎర్నెస్ట్ లాకర్ బృందం సుమారు 100 కిలోల ఆబోతు వృషణాల నుంచి 10 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్‌ను వేరుచేసింది. అదే ఏడాది బ్యూటెనాంట్, రుజిస్కా వేర్వేరుగా దానిని కొలెస్టరాల్ నుంచి తయారుచేశారు. వారిద్దరికీ 1939లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి ప్రకటించారు.

ఆ రోజుల్లో మందు బలాన్ని పుంజు తురాయి పెరుగుదలతోనే కొలిచేవారు. ఒకే మోతాదు ఇచ్చినా అన్ని పుంజుల తురాయి ఒకేలా పెరగదు. అందుకే గుంపుగా తీసుకుని సగటు కట్టేవారు. మందును ప్రమాణీకరించడానికి అది అవసరమే. కానీ సగటు కట్టేటప్పుడు వ్యక్తిగత తేడాలు లెక్కలోంచి జారిపోయాయి.

1950లలో టెస్టోస్టిరాన్ ఎనాంథేట్ ఇంజెక్షన్ వాడుకలోకి వచ్చింది. రెండు మూడు వారాలకు ఒక సూది అన్నది మామూలు పద్ధతి. యాలో, బెర్సన్ రూపొందించిన రేడియో ఇమ్యునో పరీక్ష హార్మోన్లకు విస్తరించాక, సూది వేసిన కొద్ది రోజులకు రక్తంలో స్థాయి బాగా పెరిగి, తర్వాత పడిపోతోందని స్పష్టమైంది. జారిపోయిన వ్యక్తి మళ్ళీ లెక్కలోకి వచ్చాడు.

2001లో అమెరికాలో శలేందర్ భాసిన్ బృందం 61 మంది ఆరోగ్యవంతులైన యువకుల సహజ ఉత్పత్తిని ఆపి, వారానికి 25 నుంచి 600 మిల్లీగ్రాముల దాకా అయిదు మోతాదుల్లో 20 వారాలు మందు ఇచ్చింది. మోతాదు పెరిగినకొద్దీ కండ పెరిగింది. లైంగిక సామర్థ్యంలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. అంటే ఒకే దేహంలోనూ అన్నీ ఒకే తీరుగా స్పందించవు. తర్వాత ఇదే పద్ధతిలో 60 ఏళ్లు దాటినవారిని పరిశీలిస్తే, అదే మోతాదుకు వారి రక్తంలో హార్మోన్ స్థాయి, హిమోగ్లోబిన్ యువకులకంటే ఎక్కువగా పెరిగాయి.

తేడాలకు కారణాలు మూడు చెప్పుకోవచ్చు. వయసుతో హార్మోన్‌ను దేహం వదిలించుకునే వేగం తగ్గుతుంది. రక్తంలో దానిని పట్టి ఉంచే ప్రోటీన్ అందరిలో ఒకే మోతాదులో ఉండదు, స్థూలకాయుల్లో తగ్గుతుంది. కణాల్లో హార్మోన్‌ను అందుకునే గ్రాహకం చురుకుదనం కూడా జన్యువును బట్టి మారుతుంది.

ఈ చరిత్ర మనకెందుకు? వ్యాయామశాలలో తోటివాడికి పనిచేసిందని అదే సూది వేయించుకునే యువకులు నేడు ఉన్నారు. బయటి నుంచి హార్మోన్ అందితే దేహం సొంత ఉత్పత్తిని తగ్గించుకుంటుంది; వీర్యకణాలు తగ్గి సంతానం కలగకపోవచ్చు. రక్తం చిక్కబడవచ్చు. అందుకే వైద్యులు లక్షణాలతో పాటు రెండు వేర్వేరు ఉదయాల్లో రక్తపరీక్ష చేయించి చికిత్స మొదలుపెడతారు, తర్వాత మళ్ళీ పరీక్షించి మోతాదు సరిచేస్తారు. రక్తంలో ఎర్రకణాల వాటా 54 శాతం దాటితే మందు ఆపుతారు. సగటుతో మోతాదు మొదలుపెట్టవచ్చు. దాన్ని నిలబెట్టేదీ మార్చేదీ ఆ వ్యక్తి దేహమిచ్చే జవాబే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మందును ప్రమాణీకరించడానికి సగటు ఎందుకు అవసరమైంది? రోగికి మోతాదు నిర్ణయించడానికి అది ఎందుకు చాలదు? బెర్తోల్డ్ ప్రయోగం నుంచి 2001 పరిశోధన దాకా ఉదాహరణలతో వివరించండి.